చినుకు ఎంత సన్నగా ఉండాలి, నురగ ఎంత పొంగాలి: విశాఖ గోదాములకు, కర్మాగారాలకు అగ్నిమాపక వ్యవస్థ ఎంపిక

గాజువాక ఆటోనగర్‌లో గోదాము కట్టేవారైనా, పరవాడ ఫార్మా సిటీలో సాల్వెంట్లు నిల్వ చేసేవారైనా మంటలను ఆర్పే ఏర్పాటుకు కొటేషన్లు అడిగితే సాధారణంగా మూడు రకాలు చేతికి వస్తాయి. ఒకటి పైకప్పు నుంచి నీరు చల్లే మామూలు స్ప్రింక్లర్లది, రెండోది పొగమంచు లాంటి సన్నని తుంపర చిమ్మే వాటర్ మిస్ట్‌ది, మూడోది నురగతో ఆర్పే ఫోమ్‌ది. మిస్ట్ అమ్మేవారు తమ చినుకు ఎంత సన్ననిదో చెబుతారు, ఫోమ్ అమ్మేవారు తమ నురగ ఎన్ని వందల రెట్లు పొంగుతుందో చెబుతారు. రెండు మాటలూ నిజమే అయినా, ఏ చినుకు ఏ మంటకు, ఏ పొంగు ఏ గదికి అన్నది తేల్చుకోకుండా వాటిని నమ్మి కొంటే డబ్బు దండగ కావడమే కాక, అవసరం వచ్చిన రోజున ఆ వ్యవస్థ చేతులెత్తేస్తుంది. సన్నదనమూ పొంగూ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న అభిప్రాయం మన పారిశ్రామికవాడల్లో బాగా పాతుకుపోయింది. నా దృష్టిలో ముందు వదిలించుకోవలసింది దాన్నే.

ముందుగా చినుకు సంగతి చూద్దాం. ఒక లీటరు నీటిని మిల్లీమీటరు వ్యాసం గల బిందువులుగా విడగొడితే సుమారు 19 లక్షల బిందువులు వస్తాయి, వాటి ఉపరితలాలన్నీ కలిపితే 6 చదరపు మీటర్లవుతుంది. అదే లీటరును 100 మైక్రాన్ల బిందువులుగా, అంటే మిల్లీమీటరులో పదో వంతు వ్యాసానికి తెస్తే, బిందువులు 191 కోట్లకు, ఉపరితలం 60 చదరపు మీటర్లకు చేరుతాయి. వేడి నీటిలోకి చేరేది ఉపరితలం గుండానే కనుక సన్నని చినుకు మంటలోని వేడిని ఎంతో వేగంగా లాక్కుంటుంది. బిందువు పూర్తిగా ఆవిరి కావడానికి పట్టే సమయం దాదాపుగా దాని వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వ్యాసం పదో వంతయితే ఆ సమయం వందో వంతవుతుంది.

అగ్నిమాపకంలో నీరు చేసే అసలు పని ఆవిరి కావడమే. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి కిలోకు సుమారు 290 కిలోజౌళ్లు చాలు, కానీ ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 2,257 కిలోజౌళ్లు కావాలి. కనుక ఆవిరి కాకుండా నేల మీద పడి కాలువలోకి పోయిన నీరు, ఎంత వేడెక్కి పోయినా, తాను మోయగల వేడిలో పదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మోసినట్టు. పైగా లీటరు నీరు ఆవిరయితే దాదాపు 1,670 లీటర్ల పరిమాణానికి వ్యాకోచిస్తుంది. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల జనరేటర్ గది పరిమాణం 192 ఘనపు మీటర్లు. అందులో 20 లీటర్ల నీరు పూర్తిగా ఆవిరయితే 33 ఘనపు మీటర్ల ఆవిరి పుట్టి, ఆ మేరకు గాలిని బయటకు నెడుతుంది. మంట ఎటూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ రెండూ కలిసి ఆక్సిజన్ శాతాన్ని 21 నుంచి మంట నిలవలేని స్థాయికి దించుతాయి. మిస్ట్ బలం ఇదే. తలుపులు మూసి ఉండడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆగిపోవడం, గది మరీ పెద్దది కాకపోవడం ఈ బలానికి షరతులు.

ఇక్కడ చాలామందికి వింతగా తోచే విషయం ఒకటుంది. మూసిన గదిలో మిస్ట్ పెద్ద మంటను సులువుగా ఆర్పుతుంది, చిన్న మంటతో మాత్రం ఇబ్బంది పడుతుంది. పెద్ద మంట తన వేడితోనే కావలసినంత ఆవిరిని పుట్టించుకుంటుంది. పెద్ద హాలులో ఏదో యంత్రం వెనుక దాక్కున్న చిన్న మంట అంత ఆవిరినీ పుట్టించదు, అంత ఆక్సిజన్‌నూ తినదు. కనుక డీలరు చూపించే ప్రదర్శనలో ట్రే నిండా డీజిల్ పోసి అంటించి ఆర్పి చూపితే అది మిస్ట్‌కు సులువైన పరీక్షే అని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అదే సన్నని చినుకును ఆరుబయటకు తీసుకువద్దాం. నాజిల్ ఇచ్చిన తొలి ఊపు తీరాక 100 మైక్రాన్ల బిందువు సెకనుకు సుమారు పావు మీటరు వేగంతోనే కిందికి దిగుతుంది. 6 మీటర్ల ఎత్తునుంచి నేలకు చేరడానికి దానికి 24 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో సెకనుకు 3 మీటర్ల మామూలు సముద్రపు గాలి దాన్ని 72 మీటర్ల అవతలికి తీసుకుపోతుంది, అంతకంటే ముందే అది ఆవిరైపోయినా ఆశ్చర్యం లేదు. మిల్లీమీటరు బిందువు సెకనుకు 4 మీటర్ల వేగంతో పడుతుంది కనుక అదే గాలిలో నాలుగైదు మీటర్లకు మించి పక్కకు పోదు. రేవు దగ్గరి షెడ్లు, ఒక పక్క గోడ లేని లోడింగు ప్లాట్‌ఫారాలు, జెట్టీలు, చేపల రేవులో వరుసగా కట్టేసిన బోట్లు, ఇలాంటి చోట్ల మిస్ట్ గురించి ఆలోచించడమే అనవసరం. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో పదుల కొద్దీ బోట్లు తగలబడిన రాత్రి కావలసింది దూరం నుంచి పడే దట్టమైన నీటి ధారలే తప్ప పొగమంచు లాంటి తుంపర కాదు.

గోదాముల విషయంలో స్ప్రింక్లర్ పక్షమే బలమైనదని నా నిశ్చితాభిప్రాయం. అట్టపెట్టెలు, గోనెసంచులు, ప్లాస్టిక్ సామాను ఎత్తుగా పేర్చిన చోట మంట లోపలి దొంతరల్లో మొదలై పైకి లేస్తుంది. పెద్ద మంట మీది వేడిగాలి సెకనుకు 10 మీటర్ల వేగాన్ని అందుకోగలదు. ఆ ఎదురుగాలిని చీల్చుకొని కిందనున్న సరుకును తాకాలంటే చినుకుకు బరువు ఉండాలి, సన్నని చినుకులను ఆ గాలి పైకప్పుకే తిప్పికొడుతుంది. ఎత్తయిన ర్యాకుల గోదాములకు ఈఎస్‌ఎఫ్‌ఆర్ అనే ప్రత్యేక స్ప్రింక్లర్లు వచ్చింది ఇందుకే: వాటి రంధ్రం పెద్దది, చినుకు పెద్దది, పడే వేగం ఎక్కువ. స్ప్రింక్లర్ చేసే రెండో పని పక్కనున్న దొంతరలను ముందే తడిపి ఉంచడం, ఆ తడి మంటను అక్కడికి పాకనివ్వదు. మంట ఆరిపోయాక కూడా అట్టల మధ్య రగిలే నిప్పుకు తడి చేరాలి. మిస్ట్ వాడే కొద్దిపాటి నీటితో ఇవి జరగవు. సరుకు తడిసి పాడవుతుందన్న భయంతో మిస్ట్ వైపు మొగ్గేవారు ఒక సంగతి గమనించాలి: స్ప్రింక్లర్లన్నీ ఒకేసారి విచ్చుకోవు, వేడి తగిలినవి మాత్రమే విచ్చుకుంటాయి.

ఆ విచ్చుకోవడం కూడా వ్యాకోచంతోనే జరుగుతుంది. స్ప్రింక్లర్ నోటిని మూసి ఉంచేది గ్లిజరిన్ వంటి ద్రవం నింపిన చిన్న గాజు బల్బు, లోపల ఒక గాలి బుడగ ఉంటుంది. వేడికి ద్రవం ఉబ్బి, బుడగ ఇమిడిపోయి, ఆపైన ఇక చోటు లేక గాజు పగులుతుంది. ద్రవం రంగు చూస్తే పగిలే ఉష్ణోగ్రత తెలుస్తుంది: నారింజ 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీలు. మన వైపు కొటేషన్లలో అడగకపోతే ఎరుపు బల్బే వేసేస్తారు. ఎరుపు బల్బు, పైకప్పు దగ్గరి వేడి 38 డిగ్రీలు దాటని చోట్లకు ఉద్దేశించినది. మే నెలలో ఇనుప రేకుల కింద ఆ హద్దు దాటడం మామూలే కనుక, రేకుల షెడ్లకు పసుపు గానీ ఆకుపచ్చ గానీ కోరాలి. బల్బు మందం 3 మిల్లీమీటర్లయితే త్వరగా, 5 మిల్లీమీటర్లయితే కాస్త నెమ్మదిగా స్పందిస్తుంది.

మిస్ట్ నిజంగా తగిన చోట్లు కూడా విశాఖలో తక్కువేమీ కాదు. ఓడల ఇంజిన్ గదులు, జనరేటర్ గదులు, కేబుల్ సొరంగాలు, ఉక్కు కర్మాగారం వంటి చోట్ల నేల కింద ఉండే హైడ్రాలిక్ ఆయిల్ గదులు, ఇవన్నీ మూసి ఉంచదగినవే. ఓజోన్ పొరకు హాని చేస్తున్న మంటలార్పే హేలాన్ వాయువును మాంట్రియల్ ఒప్పందం కింద వదులుకోవలసి వచ్చాక మిస్ట్ ప్రాముఖ్యం పెరిగింది. అయితే కొనేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది కొలత. అమెరికా అగ్నిరక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రూపొందించిన 750 ప్రమాణం ప్రకారం, స్ప్రేలోని నీటి పరిమాణంలో 99 శాతం 1,000 మైక్రాన్ల కంటే చిన్న బిందువుల్లో ఉంటే దాన్ని మిస్ట్ అంటారు. అంటే 90 మైక్రాన్లదీ మిస్టే, 600 మైక్రాన్లదీ మిస్టే, కానీ వాటి ప్రవర్తనల మధ్య ఎంతో తేడా ఉంటుంది. సగటు చినుకు ఇంత అని ఒక్క అంకె చెబితే సరిపోదు. నీటి పరిమాణంలో సగం ఏ వ్యాసం లోపల ఉందో, 99 శాతం ఏ వ్యాసం లోపల ఉందో రెండూ అడగాలి, అవి నాజిల్ నుంచి ఎంత దూరంలో, ఏ పీడనం వద్ద కొలిచినవో కూడా అడగాలి. పంపు పీడనం కొంచెం పెంచితే చినుకు సన్నబడుతుందని చెప్పేవారుంటారు. ఒకే నాజిల్‌లో చినుకు వ్యాసం సుమారుగా పీడనపు ఘనమూలానికి విలోమంగా మారుతుంది కనుక, వ్యాసం సగం కావాలంటే పీడనం ఎనిమిది రెట్లు చేయాలి. హై ప్రెషర్ మిస్ట్ పంపులు 100 బార్ల (వాతావరణ పీడనానికి సుమారు 100 రెట్ల) దాకా పోయేది ఇందుకే.

రెండోది రంధ్రం. సాధారణ స్ప్రింక్లర్ రంధ్రం అర అంగుళం ఉంటే, మిస్ట్ నాజిల్‌ది మిల్లీమీటరు, కొన్నిసార్లు అంతకంటే తక్కువ. పైపులో పొలుసుగా రాలిన చిన్న తుప్పు ముక్క చాలు దాన్ని మూసేయడానికి. తీరానికి దగ్గరి బోరు నీటిలో ఉప్పు ఉంటుంది, గాలిలో ఎటూ ఉప్పే. అందువల్ల జింకు పూత పూసిన మామూలు జీఐ పైపు మిస్ట్‌కు పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా 304 రకం క్లోరైడ్లకు గుంటలు పడుతుంది కనుక 316 రకమే కోరాలి. ఫిల్టరు జాలి కన్ను నాజిల్‌లోని అతి ఇరుకైన దారిలో 80 శాతానికి మించకూడదు. ధర తగ్గించడానికి ఎవరైనా ముందుగా కోత పెట్టేది ఈ రెండింటిలోనే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, డిజైను ఆధారం. స్ప్రింక్లర్లకు చదరపు మీటరుకు నిమిషానికి ఇన్ని లీటర్లు, ఇంత విస్తీర్ణం మీద అని భారత ప్రమాణం ఐఎస్ 15105 వంటి వాటిలో పట్టికలు ఉంటాయి, ఏ సమర్థుడైన ఇంజనీరైనా లెక్క వేసి సరిచూడగలడు. మిస్ట్‌కు అన్ని చోట్లకూ వర్తించే అలాంటి పట్టిక లేదు. ఫలానా కంపెనీ నాజిల్, ఫలానా పరిమాణపు గదిలో, ఫలానా ఎత్తున, ఫలానా మంటను ఆర్పిందన్న పరీక్ష నివేదికే దానికి ఆధారం. ఆ నివేదికలోని గది మీ గది కంటే చిన్నదైతే అది మీకు వర్తించదు. ఒక కంపెనీ నాజిల్ బదులు మరో కంపెనీది బిగించడం కూడా కుదరదు, అంటే పదేళ్ల తరువాత కూడా విడిభాగాలకు వారి దగ్గరికే పోవాలి.

మిస్ట్‌కూ స్ప్రింక్లర్‌కూ మధ్య మరో రెండు రకాలున్నాయి, వీటిని చాలామంది మరచిపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ పెట్టేది హై వెలాసిటీ స్ప్రే. ఇందులో ముతక చినుకు కనీసం 3.5 బార్ల పీడనంతో నూనె ఉపరితలాన్ని గట్టిగా కొట్టి, నూనెతో కలిసి కాసేపు మంట అంటుకోని మిశ్రమంగా మారుతుంది. మంటను ఆర్పేది ఆ మిశ్రమమే. తేలికగా ఆవిరి కాని బరువైన నూనెలకు మాత్రమే ఇది సరిపోతుంది. మీడియం వెలాసిటీ స్ప్రే కొంత సన్నని చినుకుతో, తక్కువ పీడనంతో పనిచేస్తుంది. దాని ముఖ్యమైన పని మంటకు ఎదురుగా ఉన్న లోహాన్ని చల్లబరచడం. ఎల్‌పీజీ పాత్రలకు చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10 లీటర్ల చొప్పున నీరు పడేలా దీన్ని అమర్చుతారు. ద్రవ ఎల్‌పీజీ బయటపడితే సుమారు 250 రెట్ల వాయువుగా పరుచుకుంటుంది, పాత్రలో ఉన్నప్పుడు కూడా వేడికి ద్రవం ఉబ్బుతుంది కనుకనే దాన్ని 85 శాతానికి మించి నింపరు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘం అంటుకొని 50 మందికి పైగా చనిపోయిన ఊరు ఇది. ఎల్‌పీజీ విషయంలో లీకు ఆగకుండా మంటను మాత్రం ఆర్పడం ప్రమాదకరం. కనుక ఇక్కడ ఎంపిక ఆర్పే వ్యవస్థల మధ్య కాదు, పాత్ర ప్రతి అంగుళమూ తడిసేలా స్ప్రే అమరిందా లేదా అన్నదానిపైనే.

రొయ్యలు, చేపలు శుద్ధి చేసే శీతల గిడ్డంగుల్లో అమ్మోనియా ఉంటుంది. గాలిలో కలిసిన అమ్మోనియాను సన్నని నీటి తెర బాగా పీల్చుకుంటుంది. అయితే నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియా మీద నీరు పోయకూడదు, నీటిలోని వేడికి అది ఇంకా ఉధృతంగా పొంగి వాయువుగా లేస్తుంది.

ఇక ఫోమ్. నీరు, ఫోమ్ ద్రవం కలిపిన ద్రావణం ఎన్ని రెట్ల నురగ అవుతుందో దాన్ని పొంగు నిష్పత్తి అంటారు. 20 రెట్ల లోపు తక్కువ పొంగు, 20 నుంచి 200 దాకా మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ పొంగు. డీజిల్, పెట్రోలు, సాల్వెంట్ ట్యాంకులకు తక్కువ పొంగే సరైనది. 7 రెట్లు పొంగిన ఘనపు మీటరు నురగలో 140 కిలోలకు పైగా నీరుంటుంది, కనుక మానిటర్ అనే పెద్ద నాజిల్‌తో దాన్ని దూరానికి విసరవచ్చు, గాలికి నిలుస్తుంది, మండే ద్రవం మీద దుప్పటిలా పరుచుకొని చల్లబరుస్తుంది కూడా. 600 రెట్లు పొంగిన ఘనపు మీటరులో నీరు కిలోన్నర పైచిలుకు మాత్రమే, బీచ్ రోడ్డు గాలికి అది దూదిలా ఎగిరిపోతుంది. కానీ మూసిన నేలమాళిగను గానీ, మనిషి లోపలికి వెళ్లలేని కేబుల్ గదిని గానీ పైదాకా నింపడానికి దానికి సాటి లేదు: 10 మీటర్లు, 8 మీటర్లు, 5 మీటర్ల గదికి లెక్క ప్రకారం 670 లీటర్ల ద్రావణం చాలు, నురగ విరిగిపోవడానికి, సందుల్లోంచి కారడానికి అదనం వేసుకోవాలి. నురగ తయారీ యంత్రం బయటి గాలిని పీల్చుకునేలా పెట్టాలి, లోపలి పొగను పీలిస్తే నురగ నిలవదు. లోపల మనుషులు చిక్కుకునే అవకాశమున్న చోట మోగే హెచ్చరికా, కొన్ని క్షణాల గడువూ తప్పనిసరి. డైక్ (ట్యాంకు చుట్టూ కట్టిన గట్టు) లోపల ఒలికిన ద్రవం మీద ఆవిరి లేవకుండా కప్పడానికి మధ్యస్థ పొంగు బాగుంటుంది గానీ కొన్ని మీటర్లకు మించి దాన్ని విసరలేము.

తక్కువ పొంగు ఫోమ్‌కు ఎంత సరుకు కావాలో ఒక ఉదాహరణ చూద్దాం. 10 మీటర్ల వ్యాసం గల డీజిల్ వంటి హైడ్రోకార్బన్ ట్యాంకు ఉపరితలం 78.5 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నిమిషానికి 4.1 లీటర్ల చొప్పున 55 నిమిషాలకు ద్రావణం దాదాపు 17,700 లీటర్లు, 3 శాతం ఫోమ్ ద్రవమైతే అందులో 530 లీటర్లు. కొటేషన్‌లో 200 లీటర్ల డ్రమ్ము ఒకటి చూపి సరిపోతుందంటే ఈ లెక్క ముందు పెట్టండి. 2016 ఏప్రిల్‌లో దువ్వాడ ఎస్‌ఈజెడ్‌లో బయోడీజిల్ ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి అంటుకున్న సంఘటన గుర్తున్నవారికి పక్క ట్యాంకులను చల్లబరిచే నీటిని విడిగా లెక్కించాలని చెప్పనక్కరలేదు.

ఫార్మా యూనిట్లకు ఇంకో జాగ్రత్త. మిథనాల్, ఇథనాల్, అసిటోన్ నీటిలో కలిసిపోతాయి కనుక మామూలు ఫోమ్‌లోని నీటిని లాగేసుకొని నురగను క్షణాల్లో చప్పబరుస్తాయి. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే రకం ఫోమే వాడాలి, అదీ ద్రవంలోకి దూకేలా కాక, ట్యాంకు గోడ మీదుగా మెల్లగా జారేలా వదలాలి. టొల్యూన్‌కు ఈ బెడద లేదు. మిథనాల్ మంట పగటి వెలుగులో కళ్లకు దాదాపు కనిపించదు, కాబట్టి అక్కడ మంటను పసిగట్టే డిటెక్టర్ల ఎంపికకూ అంతే శ్రద్ధ కావాలి. ఫ్లోరిన్ గల పాత ఫోములపై ఆంక్షలు పెరుగుతున్నాయి: వాటికి సంబంధించిన పీఎఫ్‌ఓఎస్ అనే రసాయనం 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో, ప్రకృతిలో తేలికగా విరిగిపోని హానికర రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాయి. ఫ్లోరిన్ లేని కొత్త ఫోములు కొనవచ్చు, కానీ పాత నాజిల్‌లోనే వాటిని పోసి సరేననుకోకూడదు. వాటి పనితనం పొంగు నిష్పత్తి మీద, నురగ ఎంత మెల్లగా దించారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది కనుక ఆ నాజిల్‌తోనే జరిపిన పరీక్ష నివేదిక అడగాలి. సముద్రపు నీటితో వాడే ఉద్దేశముంటే ఆ సంగతి కూడా నివేదికలో ఉండాలి.

బజ్జీల మూకుడు మొదలుకొని కాల్చిన లోహాన్ని ముంచి చల్లార్చే క్వెంచింగ్ ఆయిల్ తొట్టె దాకా, 100 డిగ్రీలు దాటి కాగుతున్న నూనె మీద నీటి ధార గానీ నీరు ఎక్కువున్న నురగ గానీ ఒక్కసారిగా పడితే, ఉపరితలం కిందికి దిగిన నీరు అక్కడ 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి, మండే నూనెను బయటకు చిమ్ముతుంది. కరిగిన లోహం కింద చిక్కిన నీరు ఇంతకంటే ఘోరం చేస్తుంది. వంటశాలలకు నూనె మీద సబ్బు లాంటి పొర కట్టే వెట్ కెమికల్ రకం, లోహపు పనిలో పొడి ఇసుక, మూతలు, ఇవి వేరే దారులు.

ఆర్డరు ఇచ్చాక, బిల్లు చెల్లించే ముందు, ఫోమ్ పరీక్షను దగ్గరుండి చూడాలి. నాజిల్ నుంచి వచ్చిన నురగను ఒక లీటరు గిన్నెలో అంచుదాకా పట్టి, పైన పళ్లెంతో గీసి తూకం వేయండి. గిన్నె బరువు పోగా 140 గ్రాములుంటే పొంగు సుమారు 7, 50 గ్రాములుంటే 20. ఆ గిన్నెను అలాగే ఉంచి, తూకంలో తేలిన నీటిలో పావు వంతు అడుగున చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసి, తయారీదారు పత్రంలోని అంకెతో సరిపోల్చండి. ద్రావణంలో ఫోమ్ ద్రవం నిజంగా 3 శాతం కలుస్తోందా అన్నది ద్రావణంలో కాంతి వంగే తీరును కొలిచే రిఫ్రాక్టోమీటరుతో అక్కడికక్కడే తేలుతుంది. ఫోమ్ ద్రవం డ్రమ్ములను రేకుల షెడ్డులో ఎండ తగిలే వైపు కాకుండా నీడపట్టున పెట్టించండి, సాధారణంగా 49 డిగ్రీల వరకే వాటికి హామీ ఉంటుంది. ఏటా ఒక నమూనా ప్రయోగశాలకు పంపే బాధ్యత ఎవరిదో కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.